నారింజ రంగు పెట్టెలో ఐదు వారాలు: లామిక్టల్ స్టార్టర్ కిట్ మీద ఒక తల్లి సమీక్ష

49 మాత్రలున్న ఒక అట్టపెట్టె గురించి ఇంత వివరంగా రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. మందు మీద సమీక్ష అంటే అది పనిచేసిందా లేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పడమే సాధారణంగా జరిగే పని. లామోట్రిజిన్ అనే మూర్ఛ మందు మా అమ్మాయికి ఫిట్స్‌ను ఎంత తగ్గించిందో నేనిక్కడ చెప్పబోవడం లేదు. ఆ మందును మొదలుపెట్టే తొలి ఐదు వారాల కోసం గ్లాక్సో స్మిత్‌క్లైన్ కంపెనీ అమెరికాలో లామిక్టల్ (ఇది లామోట్రిజిన్‌కు ఆ కంపెనీ బ్రాండు పేరు) స్టార్టర్ కిట్ పేరుతో తెచ్చిన పెట్టె, ఏ ప్రమాదాన్ని తప్పించడానికి తయారైందో ఆ ప్రమాదాన్ని నిజంగా ఎంతవరకు తప్పించగలదన్నదే నా పరిశీలన. ఆ ప్రమాదం చర్మం మీద వచ్చే దద్దుర్లు.

దద్దుర్లే కదా అని తేలికగా తీసుకునే వాళ్ళలో నేనూ ఒకదాన్ని, మా తమ్ముడి సంగతి జరిగేదాకా. అది తర్వాత చెబుతాను, ఎందుకంటే ఆ అనుభవం లేకపోతే ఈ పెట్టెను నేను ఇంత గుచ్చి గుచ్చి చూసేదాన్నే కాదు.

మేము న్యూజెర్సీలో ఉంటాము. మా అమ్మాయికి 20 ఏళ్ళు, కాలేజీలో చదువుతోంది. మూర్ఛ అని తేలిన తర్వాత న్యూరాలజిస్ట్ లామోట్రిజిన్ రాశారు. గర్భం ధరించే వయసులో ఉన్న ఆడపిల్లలకు వాల్‌ప్రోయేట్ అనే మరో మూర్ఛ మందు ఇవ్వడానికి, అది కడుపులోని బిడ్డకు చేసే హాని వల్ల, డాక్టర్లు వీలైనంతవరకు వెనకాడతారు. లామోట్రిజిన్ ఆ విషయంలో మెరుగైనది, మత్తుగా ఉండడం కూడా తక్కువ. దాని బలహీనత అంతా తొలి రెండు నెలల్లోనే ఉంది.

ఈ మందుకు అమెరికాలో 1994 డిసెంబరులో అనుమతి వచ్చింది. దాని సమాచార పత్రంలో అన్నిటికంటే పైన నల్లగీతల చట్రంలో ఉండే హెచ్చరిక చర్మం గురించే. ఈ మందు వాడినవారిలో ప్రతి 100 మందిలో సుమారు 10 మందికి ఏదో ఒక రకం దద్దురు కనిపించవచ్చు. వీటిలో ఎక్కువ భాగం హాని లేనివే. ప్రాణం మీదికి తెచ్చేంత తీవ్రమైనవి, ఆ హెచ్చరికలోనే ఉన్న లెక్క ప్రకారం, 2 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 0.3 నుంచి 0.8 శాతం, పెద్దవాళ్ళలో 0.08 నుంచి 0.3 శాతం. అంటే పెద్దవాళ్ళలో వెయ్యి మందికి ముగ్గురికి మించరు. చిన్న సంఖ్యే. కానీ ఆ ముగ్గురిలో ఒకరు మన ఇంటి మనిషైతే శాతాలు గుర్తుకు రావు. స్టీవెన్స్–జాన్సన్ సిండ్రోమ్ అనే జబ్బులో జ్వరం, గొంతు నొప్పి, కళ్ళ మంటతో మొదలై, చర్మం మీద నొప్పిపుట్టే మచ్చలు, బొబ్బలు లేచి, కాలిన గాయంలాగా చర్మం ఊడివస్తుంది. నోటిలోపల, కంటిలోపల, మూత్రం వచ్చే చోట కూడా పుండ్లు పడతాయి. శరీరంలో 10 శాతం కంటే తక్కువ భాగంలో చర్మం ఊడితే ఆ పేరు. 30 శాతం దాటితే దాన్ని టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్ అంటారు. అలాంటి రోగులను కాలిన గాయాల వార్డులో పెట్టి చూడవలసి వస్తుంది.

ఈ తీవ్రమైన దద్దుర్లు దాదాపు అన్నీ మందు మొదలుపెట్టిన 2 నుంచి 8 వారాల మధ్యనే వచ్చాయి. వాటి అవకాశాన్ని పెంచేవని హెచ్చరికలో చెప్పినవి మూడు: మొదటే ఎక్కువ మోతాదు ఇవ్వడం, మోతాదును తొందరగా పెంచడం, వాల్‌ప్రోయేట్‌తో కలిపి ఇవ్వడం. మూడోది చాలామందికి తెలియదు. లామోట్రిజిన్ ఒంటరిగా ఉంటే దాని పరిమాణం రక్తంలో సగానికి తగ్గడానికి ఒక రోజుకు కొంచెం పైగా పడుతుంది. కాలేయం ఈ మందును విరిచి బయటికి పంపే పనిని వాల్‌ప్రోయేట్ నెమ్మదిస్తుంది కాబట్టి, రెండూ కలిపి వాడేవారిలో అదే సమయం రెండు రోజులు దాటిపోతుంది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్ వంటి ఇతర మూర్ఛ మందులు ఇందుకు పూర్తిగా విరుద్ధంగా, దాన్ని తొందరగా తోసేస్తాయి. కాబట్టి ఈ మందుకు ‘అందరికీ ఒకే మోతాదు’ అన్న మాట వర్తించదు. పక్కన ఏ మందు ఉందన్నదాన్ని బట్టి మొదటి రోజు మాత్రే మారిపోతుంది.

పెట్టె సృష్టించినవాళ్ళు ఈ మాటను రంగుల్లోకి మార్చారు. నీలం రంగు కిట్ వాల్‌ప్రోయేట్ వాడేవారికి. ఆకుపచ్చ కిట్ వాల్‌ప్రోయేట్ లేకుండా కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటాల్, ప్రిమిడోన్ వంటివి వాడేవారికి. నారింజ రంగు కిట్ ఈ రెండు వర్గాల మందులూ వాడనివారికి. మా అమ్మాయి వేరే మూర్ఛ మందేదీ వాడడం లేదు కాబట్టి ఆమెకు నారింజ రంగు వచ్చింది. దానిలో 25 మిల్లీగ్రాముల మాత్రలు 42, 100 మిల్లీగ్రాములవి 7. మొదటి రెండు వారాలు రోజుకొకటి, తర్వాతి రెండు వారాలు రోజుకు రెండు, ఐదో వారం 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి. లెక్క వేసి చూడండి, 14, 28, 7. ఒక్క మాత్ర మిగలదు, ఒక్కటి తగ్గదు. నీలం కిట్‌లో 25 మిల్లీగ్రాములవి 35 మాత్రమే ఉంటాయి, ఎందుకంటే అందులో మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు ఒక మాత్ర, తర్వాత రోజుకొకటి, ఐదో వారంలో రోజుకు రెండు. ఆకుపచ్చ కిట్‌లో 25 మిల్లీగ్రాములవి 84, 100 మిల్లీగ్రాములవి 14. ఒకే మందు, ఒకే ఐదు వారాలు, కానీ ఆకుపచ్చ పెట్టెలోని మొత్తం మందు నీలం పెట్టెలోని దానికి నాలుగు రెట్లు. ఈ తేడాను మాటల్లో ఎంత చెప్పినా ఎక్కదు. రెండు పెట్టెలు పక్కపక్కన పెడితే చిన్నపిల్లకు కూడా తెలుస్తుంది.

వాడకంలో పెట్టె నాకు బాగా నచ్చిన సంగతి ఇదే: తొందరపడడానికి దానిలో వీలు లేదు. మాత్రలు వారాల వరుసలో అమర్చి ఉంటాయి. ఒకరోజు వేసుకున్నామా లేదా అన్న అనుమానం వస్తే ఖాళీ గుంత చూస్తే సరిపోతుంది. పరీక్షల హడావిడిలో ఉన్న మా అమ్మాయి లాంటి వాళ్ళకు ఇది ఎంత మేలో, సీసాలో గలగలలాడే మాత్రలతో పోలిస్తే అర్థమవుతుంది.

రంగుల విషయంలో ఒక చిన్న విసుగు. నారింజ రంగు పెట్టెలో 25 మిల్లీగ్రాముల మాత్ర తెల్లగా, 100 మిల్లీగ్రాములది లేత పీచు రంగులో ఉంటుంది. ఇదే కంపెనీ 200 మిల్లీగ్రాముల మాత్ర నీలం రంగులో ఉంటుంది, కానీ నీలం కిట్‌లో నీలం మాత్ర ఒక్కటీ ఉండదు. పెట్టె రంగుకూ మాత్ర రంగుకూ సంబంధం లేదని మా అత్తగారికి నచ్చజెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది.

ఇక తమ్ముడి సంగతి. వాడు విజయవాడలో ఉంటాడు, చాలా ఏళ్ళుగా వాల్‌ప్రోయేట్ వాడుతున్నాడు. ఫిట్స్ పూర్తిగా అదుపులోకి రాలేదని డాక్టరు లామోట్రిజిన్ కలిపారు. చీటీ మీద 25 మిల్లీగ్రాములు, రోజు విడిచి రోజు అని సరిగ్గానే రాశారు. మెడికల్ షాపులో 25 లేదని 50 మిల్లీగ్రాముల స్ట్రిప్ ఇచ్చి, సగం చేసుకోమని నోటితో చెప్పి, కవరు మీద ‘1-0-0’ అని గీసి ఇచ్చారు. నోటి మాట మర్చిపోయాడు, కవరు మీద అంకె మిగిలింది. రోజూ ఉదయం నిండు మాత్ర వేసుకున్నాడు. డాక్టరు రాసిన దానికి సరిగ్గా నాలుగు రెట్లు, అదీ మందును ఒంట్లో నిలవచేసే వాల్‌ప్రోయేట్ పక్కన.

పదహారో రోజున జ్వరం వచ్చింది. తర్వాత ఛాతీ మీద మచ్చలు. వాడిది నలుపు చాయ, కాబట్టి మచ్చలు పుస్తకాల్లో చూపించే ఎరుపులో కాకుండా ముదురు గోధుమ, ఊదా మధ్య రంగులో ఉన్నాయి, దూరం నుంచి చూస్తే కనపడను కూడా కనపడలేదు. వేడి చేసిందన్నారు, సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. తట్టు పోసిందేమోనని అమ్మ వేపాకులు తెప్పించింది. మందు మీద ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఆ మందు మొదలుపెట్టి రెండు వారాలు దాటింది, పడని మందైతే మొదటి రోజే పడకపోవాలన్నది మన అందరి నమ్మకం. మూడో రోజుకు నోరంతా పుండ్లు, కళ్ళు అంటుకుపోయి తెరుచుకోవడం లేదు. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మందు ఆపారు. తొమ్మిది రోజులు ఉంచారు. చర్మం ఊడింది కొద్ది భాగంలోనే కాబట్టి బయటపడ్డాడు, కాని కళ్ళు పొడిబారడం ఇప్పటికీ పోలేదు, రోజూ చుక్కలు వేసుకుంటాడు. ఆ తర్వాత వాడికి ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా ఇవ్వకూడదని డాక్టర్లు చెప్పారు, ఎందుకంటే ఈ మందుల కుటుంబంలో ఒకదానికి చర్మం తిరగబడినవారికి మరొకదానికీ తిరగబడే అవకాశం ఎక్కువ. లెవెటిరాసిటమ్ అనే వేరే మూర్ఛ మందు మొదలుపెట్టారు. పడని మందు పేరు రాసిన చీటీ వాడి పర్సులో ఎప్పుడూ ఉంటుంది.

నీలం రంగు కిట్ ఆ షాపులో ఉండి ఉంటే ఇది జరిగేది కాదని నా గట్టి నమ్మకం. పెట్టెకు నేనిచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క కారణంగానే: మందు ఇచ్చే మనిషి నోటి మాట మీద అది ఆధారపడదు.

ఇంత మెచ్చుకున్నాక లోపాలు కూడా అంతే గట్టిగా చెప్పాలి. అన్నిటికంటే పెద్దది కాలానికి సంబంధించినది. ప్రమాదం 2 నుంచి 8 వారాల మధ్య ఉందని కంపెనీ పత్రమే చెబుతున్నప్పుడు, పెట్టె 5 వారాలకే ఎందుకు ముగియాలి? ఆరో వారం నుంచి మామూలు సీసా చేతికి వస్తుంది, దానిమీద రంగు లేదు, వరుస లేదు, మోతాదు పెంచడం ఇంకా పూర్తి కాలేదు. పెట్టె అయిపోయిందంటే గండం గడిచినట్లేనని మా అమ్మాయి అనుకుంది. నేనూ అలాగే అనుకునేదాన్ని, తమ్ముడి సంగతి తెలియకపోతే. ఒక ఖాళీ అట్ట మీద ఇంకో మూడు వారాల గడులు అచ్చువేసి, ఒళ్ళు చూసుకున్నారా అని అడిగితే కంపెనీకి ఏం నష్టమో నాకు తెలియలేదు.

రెండోది మధ్యలో మానేయడం. మాత్రలు వరసగా ఐదు అర్ధజీవిత కాలాలకు (రక్తంలో మందు సగానికి తగ్గే సమయమే అర్ధజీవిత కాలం) మించి ఆగిపోతే, అంటే మా అమ్మాయి లాంటి వాళ్ళ విషయంలో సుమారు వారం దాకా ఆగిపోతే, ఆపిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టకూడదు, మొదటి వారం మోతాదుకు తిరిగి వెళ్ళాలి. ఊరికి వెళ్తూ పెట్టెను ఇంట్లో మరిచిపోయి, వారం తర్వాత వచ్చి నాలుగో వారం గుంతలోంచి మాత్ర తీసుకునేవాళ్ళు ఉంటారు. ఈ సంగతి పెద్ద పత్రంలో ఉంది, పెట్టె మీద నా కంటికి కనపడలేదు. గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్ ఈ మందును రక్తంలో దాదాపు సగానికి తగ్గిస్తుందన్న సంగతి కూడా అలాగే లోపలి పేజీల్లో దాగి ఉంది.

మూడోది భాష, బొమ్మ. పెట్టెలోని కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంట్లో పగలంతా ఉండేది మా అత్తగారు. ఆమెకు ఇంగ్లీషు రాదు. నేను ఒక కాగితం మీద ‘జ్వరం, గొంతు నొప్పి, నోటిలో పుండు, కళ్ళు ఎర్రబడడం, మెడలో గడ్డలు, ముఖం వాపు, తాకితే నొప్పిపుట్టే మచ్చ’ అని తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. అందులో ఏ ఒక్కటి కనిపించినా మాత్ర వేయకముందే నాకు ఫోన్ చేయాలని కింద రాశాను. నల్లటి, చామనచాయ చర్మం మీద దద్దురు ఎలా కనిపిస్తుందో చూపే ఒక్క బొమ్మ ఉన్నా ఎంతో మేలు జరిగేది.

23వ రోజున పరీక్ష రానే వచ్చింది. మా అమ్మాయి మెడ చుట్టూ దురదతో ఎర్రటి పొక్కులు లేచాయి. ఆ పత్రం ప్రకారం, మందు వల్ల కాదని స్పష్టంగా తెలిస్తే తప్ప, దద్దురు కనిపించిన మొదటి క్షణంలోనే మందు ఆపాలి; మరోపక్క మూర్ఛ మందును ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. ఈ రెండింటి మధ్య నిర్ణయం తల్లిదండ్రులది కాదు, డాక్టరుదే. అదే రోజు తీసుకెళ్ళాము. జ్వరం లేదు, నోరు, కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, పొక్కులు మెడ దాటి పోలేదు. కారణం ముందు రోజు ఉగాది వేడుకలో వేసుకున్న వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు అని తేలింది; ఆ లోహంలోని నికెల్ ఆమెకు పడలేదు. మందు ఆపలేదు. కానీ మొదటి మూడు నెలలు కొత్త నగ, కొత్త సబ్బు, కొత్త క్రీము, ఎన్నడూ తినని తిండి ఏదీ మొదలుపెట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పారు, ఎందుకంటే ప్రతి పొక్కూ మందు మీద అనుమానం తెచ్చి, పనికొచ్చే మందు అనవసరంగా ఆగిపోతుంది. ఈ ఒక్క వాక్యం పెట్టె మూత మీద ఉండదగినది.

మరో జాగ్రత్త పేరు గురించి. లామిక్టల్‌ను గోళ్ళ ఫంగస్‌కు వాడే లామిసిల్‌తో, లామోట్రిజిన్‌ను హెచ్‌ఐవీ మందు లామివుడిన్‌తో, రక్తపోటు మందు లాబెటలాల్‌తో పొరబడిన సందర్భాలున్నందువల్ల దాని పత్రంలోనే ఈ హెచ్చరిక ఉంది. షాపు నుంచి బయటికి రాకముందే పెట్టె మీద పేరు చదవడం అలవాటు చేసుకోవాలి.

ధర మీద ఎక్కువ చెప్పను. మా ఇన్సూరెన్స్ వాళ్ళు బ్రాండు కిట్‌కు మొదట ఒప్పుకోలేదు, సీసాలో వచ్చే జెనరిక్ చాలన్నారు. డాక్టరు ఆఫీసు రెండుసార్లు ఉత్తరం రాశాక ఇచ్చారు. జెనరిక్ మందులో తప్పేమీ లేదు, ఆరో వారం నుంచి మేము వాడుతున్నది అదే. డబ్బు పెట్టింది మందుకు కాదు, అట్టకు. నోట్లో కరిగిపోయే రకం మాత్రలకు కూడా ఇలాంటి మూడు రంగుల కిట్లే ఉన్నాయి. ఐదుకు మూడున్నర ఇస్తాను. ఎనిమిది వారాలకు పెంచిన రోజున ఒకటి కలుపుతాను.

పోయిన నెల మా మరదలు ఫోన్ చేసింది. వాళ్ళ అక్క కొడుకుకు లామోట్రిజిన్ రాశారట, “వదినా, ఈసారి వచ్చేటప్పుడు ఆ పెట్టె ఒకటి పట్టుకురండి, మీ అమ్మాయికి వాడారుగా” అంది. వాడేం వాడుతున్నాడని అడిగాను. వాల్‌ప్రోయేట్. మా అమ్మాయి నారింజ రంగు పెట్టె వాడికి ఇస్తే మొదటి రోజు నుంచే రెట్టింపు మోతాదు పడుతుంది, నీలం రంగుదైనా డాక్టరు రాయకుండా నేను తేకూడదు. తేనన్నాను. డాక్టరు దగ్గరికే మళ్ళీ వెళ్ళి, తేదీలు ఆయన చేతనే రాయించుకోమన్నాను, 25 మిల్లీగ్రాముల స్ట్రిప్ దొరికేదాకా మొదలుపెట్టవద్దన్నాను. ఏదైనా తేడా వస్తే మందుల దుష్ఫలితాలు తెలపడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు ఉందని, ఆ ఫారం తెలుగులో కూడా దొరుకుతుందని చెప్పాను. కొంచెం చిన్నబుచ్చుకుంది. రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు. తిథి, వర్జ్యాల పక్కన రోజు విడిచి రోజు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి, ఎనిమిదో వారం చివరి తేదీ కింద మాత్రం డాక్టరు గారు రెండు గీతలు గీశారు.